కంక మనది, కాగితం ఎవరిది?
మన జిల్లా చరిత్ర – 9వ భాగం



పోయిన భాగంలో జోడేఘాట్ గురించి రాశాను. అది చదివిన ఒక డిగ్రీ విద్యార్థి ఆసిఫాబాద్ బస్టాండు దగ్గర కలిసి ఒక మాట అడిగాడు. "అన్నా, మన జిల్లా వెనకబడ్డది, ప్రాజెక్టులు రాలేదు అని మీటింగుల్ల అంటం గదా. మరి వచ్చిన ప్రాజెక్టులు మనకేం మిగిల్చినయ్?" రానివాటి గురించి నిలదీయడం మనకు బాగా వచ్చు. వచ్చినవాటి లెక్క అడగడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ భాగం ఆ తమ్ముడికి జవాబు.

ఏ ప్రాజెక్టుకైనా మనకు రెండే తేదీలు గుర్తుంటాయి. ఒకటి శంకుస్థాపన, రెండోది ప్రారంభోత్సవం. రెండింటికీ శిలాఫలకాలు ఉంటాయి. అది ఎప్పుడు బందయింది, బందయిన రోజున ఎవరి ఇంట్లో ఏం మిగిలింది అనేదానికి శిలాఫలకం ఉండదు. ఇప్పుడు ఎంబీఏ చదువుల్లో ఒక పాఠం చెబుతున్నారు: కట్టడం పూర్తయినంత మాత్రాన ప్రాజెక్టు గెలిచినట్టు కాదు, అది ఏళ్ల తరబడి విలువ ఇస్తూ ఉండాలి, ఆ విలువకు ఒక బాధ్యుడు ఉండాలి, ఏటా లెక్క చూడాలి అని. మంచి పాఠమే. కానీ ఆ పాఠంలో మన ప్రశ్న లేదు. విలువ ఎవరికి? బాధ్యుడు ఎవరి మనిషి? లెక్క ఎవరి ముందు చూస్తారు?

ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని మన జిల్లాలోని అతి పెద్ద ప్రాజెక్టు దగ్గరికి పోదాం. ఆసిఫాబాద్ నుంచి గంటలోపు ప్రయాణం. కాగజ్‌నగర్.

ఊరి పేరే మిల్లు పేరు

కాగజ్ అంటే ఉర్దూలో కాగితం. మిల్లు రాకముందు ఆ ఊరు కొత్తపేట. 1938లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో సిర్పూర్ పేపర్ మిల్లు మొదలైంది. 1942లో కాగితం తయారైంది. కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఇప్పటికీ సిర్పూర్ కాగజ్‌నగర్ అనే ఉంటుంది.

ఇక్కడే ఎందుకు పెట్టారు? నాలుగు కారణాలు. ఒకటి రైలు. కాజీపేట – బల్లార్షా లైను 1920ల చివర్లో పూర్తయింది. దానితో మద్రాసుకూ ఢిల్లీకీ మధ్య దారి మన అడవిలోంచి పడింది. రెండు బొగ్గు. బెల్లంపల్లి గనులు అదే లైను మీద ఉన్నాయి. మూడు నీళ్లు. పెద్దవాగు పక్కనే పారుతోంది. నాలుగు వెదురు. మన దగ్గర కంక అంటాం. ఒక టన్ను కాగితానికి రెండు టన్నులకు పైగా కంక కావాలి. అంత కంక చేతికందే దూరంలో ఉన్నది ఆదిలాబాద్ అడవిలోనే.

ఐదో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ రాయరు. కూలి. అడవిలో నరికేవాళ్లు, మోపులు కట్టేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, యార్డులో దించేవాళ్లు. వీళ్లంతా చవగ్గా దొరికారు. ఎందుకు చవగ్గా దొరికారంటే వాళ్ల చేతిలో భూమి లేదు, ఉన్నది పోయింది.

పెట్టుబడి ఎవరిది? నిజాం ప్రభుత్వం 1929లో కోటి రూపాయలతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టింది. రాజ్యంలో పెద్ద పరిశ్రమలకు ఆ ఫండ్ నుంచి వాటాలు, అప్పులు అందాయి. బోధన్‌లో నిజాం షుగర్, మన సిర్పూర్ పేపర్, ఆ తర్వాత సిర్‌సిల్క్ ఆ వరుసలోనివే. చరిత్ర పుస్తకాల్లో దీన్ని "నిజాం దూరదృష్టి" అని చదువుతాం. దూరదృష్టి ఉంటే ఉండొచ్చు. కానీ ఖజానాలోకి డబ్బు ఎక్కడిది? భూమి శిస్తు, ఆబ్కారీ, కరోడ్‌గిరి, అడవి రాబడి. శిస్తు కట్టింది పట్టాదారు పేరుతోనే కావచ్చు, ఆ భూమిలో పంట తీసింది మాత్రం వెట్టివాళ్లు, జీతగాళ్లు, అంటే మాల, మాదిగ, నేతకాని, మహర్ కుటుంబాలు. మిల్లు పునాదిలో మన వాటా మొదటి రోజు నుంచే ఉంది. వాటా పత్రం మాత్రం మన పేరున లేదు.

రెండు తేదీల మధ్య ఇంకో తేదీ

1938లో పని మొదలు, 1942లో ఉత్పత్తి. ఈ రెండింటి మధ్య 1940 ఉంది. ఆ ఏడాదే జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు ఒరిగాడు. పాఠ్యపుస్తకంలో భీం ఒక పాఠం, మిల్లు ఇంకో పాఠం. రెండూ ఒకే అడవి కథ అని ఎవరూ కలిపి చెప్పరు.

భీం అడిగిందేమిటి? పన్నెండు గూడేల భూమి, అడవి మీద హక్కు. అప్పటికి పోడు కొట్టుకుంటే నేరం. పశువులు మేపితే బంబ్రం పన్ను, వంటకు కట్టెలు తెచ్చుకుంటే దూపపెట్టి పన్ను. గోండు ఇంటికి కట్టెపుల్ల తెచ్చుకోవడానికి పన్ను కట్టాలి. అదే కాలంలో అదే అడవి నుంచి బండ్లకొద్దీ కంక పోవడానికి దారి సిద్ధమవుతోంది. ఒకే సర్కారు, ఒకే అటవీ శాఖ. అడవిలో బతికేవాడికి కాపలా, అడవిని కొనేవాడికి కాంట్రాక్టు.

భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పిలిపించింది. ఆయన మార్లవాయిలో కూర్చుని చదువు కేంద్రం పెట్టించాడు, గోండులకు పట్టాలు ఇప్పించాడు. అది మేలే. కానీ మిల్లు విలువలో అడవి మనుషులకు వాటా ఇవ్వాలన్న ఆలోచన మాత్రం ఆ రోజు విధానాలకు కేంద్రం కాలేదు. భూమి పట్టా ఒక దానం, మిల్లు ఒక వ్యాపారం. రెండూ వేర్వేరు ఫైళ్లు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మిల్లు తిన్న కంకే మేదరి కుటుంబాల బతుకు కూడా. తట్టలు, చాటలు, గుల్లలు, గంపలు అన్నీ దానితోనే. 1970ల్లో కర్ణాటకలో మాధవ్ గాడ్గీల్ వెదురు మీద చేసిన పరిశీలనలో తేలింది ఇదే: కాగితం మిల్లులకు సర్కారు కారుచౌకగా వెదురు ఇస్తోంది, బుట్టలల్లేవాడు మాత్రం బజారు ధర పెట్టాలి. పెద్దవాడికి రాయితీ, పేదవాడికి రేటు. ఇది ఒక్క రాష్ట్రం జబ్బు కాదు. 1988 జాతీయ అటవీ విధానం వచ్చేదాకా ఢిల్లీ కూడా ఇది తప్పని రాతపూర్వకంగా ఒప్పుకోలేదు. పరిశ్రమలకు అటవీ ఉత్పత్తులు రాయితీ ధరకు ఇవ్వొద్దు, ముడిసరుకు రైతుల దగ్గర పెంచించి కొనండి అని ఆ విధానం చెప్పింది. అప్పటికి మన మిల్లు వయసు 46 ఏళ్లు.

రాయితీ మీద పెరిగిన వ్యాపారానికి ఒక లక్షణం ఉంటుంది. ముడిసరుకు కారుచౌక అయినంత కాలం యంత్రం మార్చాలన్న తొందర ఉండదు. అడవిని తిరిగి పెంచాలన్న బాధ అంతకన్నా ఉండదు. కంక పొద ఏటా కొత్త పిలకలు వేస్తుంది. ఈ ఏటివి, పోయిన ఏటివి వదిలి ముదురు బొంగులే నరికితే ఆ పొద తరాల పాటు ఇస్తుంది. టన్నుల లెక్కన కూలి ఇచ్చే కాంట్రాక్టులో ఆ ఓపిక ఉండదు. అడవి దగ్గర కంక తగ్గేకొద్దీ దూరం నుంచి తేవాలి, నీలగిరి, సుబాబుల్ కట్టె కొనాలి. చవక అనుకున్నదే చివరికి ఖరీదైంది.

మిల్లును తిట్టడం నా ఉద్దేశం కాదు

ఈ మాట స్పష్టంగా చెప్పాలి. మన ఉద్యమాల్లో కొందరు పరిశ్రమ అనగానే దోపిడీ అని, పల్లె అనగానే స్వర్గం అని మాట్లాడుతారు. అంబేడ్కర్ చదివినవాళ్లెవరూ అలా మాట్లాడలేరు. 1918లో ఆయన చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో చెప్పింది, భూమి మీద పని లేకుండా పడి ఉన్న మనుషుల భారం తగ్గాలంటే పరిశ్రమలు రావాలనే. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినప్పుడు పనిగంటలు, ఉపాధి కార్యాలయాలు, దామోదర్ లోయ ప్రాజెక్టు మీద పని చేశారు. సిర్పూర్ మిల్లులో మొదటి కాగితం తయారైన ఏడాదే ఆయన ఆ శాఖలోకి వచ్చారు.

మిల్లు ఇచ్చింది చాలా ఉంది. నెల తిరిగేసరికి చేతికి జీతం. వాడలో దొర ముందు చేతులు కట్టుకుని నిలబడే కొడుకు, గేటు లోపల టోకెన్ నంబరు ఉన్న కార్మికుడయ్యాడు. పీఎఫ్, యూనియన్, సమ్మె, బోనస్ అనే మాటలు మన ఇళ్లలోకి వచ్చాయి. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లతో కాగజ్‌నగర్ పట్నమైంది. హోటల్లో పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారో అడగకుండా చాయ్ తాగే చోటు మన జిల్లాలో మొదట తయారైంది మిల్లు పట్నంలోనే, గనుల పట్నాల్లోనే. ఇది చిన్న విలువ కాదు. పైసల్లో కొలవలేనిది.

కానీ అంబేడ్కరే ఇంకో హెచ్చరిక కూడా చేశారు. 1928 బొంబాయి మిల్లు సమ్మె నాటికి బట్టల మిల్లుల్లో దళితులకు నేత విభాగంలోకి ప్రవేశం లేదు. కండెలోంచి దారం నోటితో లాగాలి, అంటు తగులుతుందని సవర్ణ కార్మికులు ఒప్పుకోలేదు. ఎక్కువ కూలి వచ్చేది ఆ విభాగంలోనే. యూనియన్ డిమాండ్లలో ఆ వివక్ష తొలగించాలన్నది కూడా పెట్టమని అంబేడ్కర్ పట్టుబట్టారు. కులం పనిని విభజించడమే కాదు, పనివాళ్లను కూడా విభజిస్తుందని 1936లో ఆయన రాసిన మాట వెనక ఈ అనుభవం ఉంది. మన దగ్గర నేతకాని అనే కులం పేరులోనే నేత ఉంది. నేసే కులాన్నే అంటరానిదని పక్కన పెట్టిన దేశం మనది.

అందుకే విద్యార్థులకు చెబుతున్నాను. మిల్లు ఎంతమందికి పని ఇచ్చింది అన్న ప్రశ్నతో ఆగకండి. ఏ విభాగంలో ఎవరు? కంక యార్డులో ఎవరు, యంత్రం దగ్గర ఎవరు, ఆఫీసులో ఎవరు? పర్మినెంట్ ఎవరు, ఠేకా కింద ఎవరు? కాగజ్‌నగర్ వాడల్లో ఇంకా బతికున్న పెద్దలు ఉన్నారు. ఒక్కొక్క ఇంటికీ పోయి రాసుకోండి. ఈ లెక్క ఏ కంపెనీ వార్షిక నివేదికలోనూ ఉండదు.

చేతులు మారింది, గేటు మారలేదు

1948లో నిజాం రాజ్యం భారత్‌లో కలిసింది. 1950ల్లో మిల్లు నిర్వహణ బిర్లా సంస్థల చేతికి పోయింది, ఆ తర్వాత పొద్దార్ల చేతిలో నడిచింది. ప్రజల ఖజానా డబ్బుతో లేచిన ఫ్యాక్టరీ ప్రైవేటు యాజమాన్యం కింద స్థిరపడింది. ఇందులో మనకు తగిలిన దెబ్బ ఏమిటో గుర్తుపట్టాలి. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చింది, ఆర్టికల్ 16(4) కింద సర్కారీ కొలువుల్లో రిజర్వేషన్లకు దారి పడింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే మన జిల్లాలో అతి పెద్ద యజమాని ప్రైవేటు అయ్యాడు. హక్కు వచ్చిన ఇంట్లో కొలువు లేదు, కొలువున్న ఇంట్లో హక్కు లేదు.

కాగజ్‌నగర్‌లోనే రెండో ఫ్యాక్టరీ సిర్‌సిల్క్. కృత్రిమ పట్టు దారం తీసేది. న్యాయశాస్త్రం చదివే విద్యార్థులకు ఈ పేరు తెలిసే ఉంటుంది. 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన సిర్‌సిల్క్ తీర్పు కార్మిక చట్టాల పాఠాల్లో ఇప్పటికీ చెబుతారు. ట్రిబ్యునల్ అవార్డు సర్కారు చేతికి వచ్చాక, అది ప్రచురించేలోపు యాజమాన్యం, కార్మికులు రాజీ కుదుర్చుకుంటే ఏది నిలబడాలి అన్నది వివాదం. రాజీ ఇద్దర్నీ కట్టేస్తుంది కాబట్టి అవార్డు ప్రచురించనక్కర్లేదని కోర్టు చెప్పింది. తీర్పు నిలబడింది, ఫ్యాక్టరీ నిలబడలేదు. 1980ల్లో సిర్‌సిల్క్ మూతబడింది, లిక్విడేషన్ పాలైంది. దేశంలో ఎక్కడో ఒక లా కాలేజీ పిల్ల పరీక్షలో ఆ పేరు రాసి మార్కులు తెచ్చుకుంటోంది. ఆ పేరు మీద జీతం తెచ్చుకున్నవాళ్ల పిల్లలు ఎక్కడున్నారో మనకు లెక్క లేదు.

సిర్‌సిల్క్ పోయినప్పుడు ఊరు పూర్తిగా కూలలేదు. పేపర్ మిల్లు ఉంది కదా అనుకున్నారు. 2014 సెప్టెంబర్ 27న అదీ బందయింది. తెలంగాణ వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. సొంత రాష్ట్రంలో మన కొలువులు మనకే అని రోడ్డెక్కిన పట్నంలో మిల్లు సైరన్ ఆగిపోయింది. నష్టాలు, అప్పులు అన్నారు. నిజమే కావచ్చు. కానీ 72 ఏళ్లు నడిచిన మిల్లుకు నష్టం ఒక్క రాత్రిలో రాదు. ఏటా లెక్క చూసే బల్ల దగ్గర అప్పులిచ్చిన బ్యాంకులున్నాయి, వాటాదారులున్నారు. కంక ఇచ్చిన గూడెం లేదు, చెమట ఇచ్చిన వాడ లేదు, నీళ్లిచ్చిన పెద్దవాగు ఊళ్లు లేవు. లెక్క బల్ల దగ్గర కుర్చీ లేనివాడికి ప్రమాదం చివర్లో తెలుస్తుంది. గేటుకు తాళం పడ్డాక తెలుస్తుంది.

ఆ తర్వాత దాదాపు నాలుగేళ్లు. 2016లో వచ్చిన దివాలా చట్టం కింద కేసు హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీకి పోయింది. 2018 జూలైలో జేకే పేపర్ ప్రణాళికకు ఆమోదం వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం రాయితీలు ప్రకటించింది. మిల్లు మళ్లీ తెరుచుకుంది. తెరుచుకోవడం మంచిదే. కానీ విద్యార్థులు ఈ చట్టాన్ని ఒకసారి చదవాలి. కంపెనీ అమ్ముడైపోయి లిక్విడేషన్‌కు వెళితే, అంతకు ముందు 24 నెలల కార్మికుల బకాయిలకు తాకట్టు ఉన్న బ్యాంకులతో సమాన వరుస ఇచ్చారు. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు అప్పులవాళ్లు ముట్టుకోవడానికి వీల్లేదు. ఇంతవరకూ మేలే. కానీ ఠేకా కూలికి, కంక నరికినవాడికి, మిల్లు గేటు ముందు చాయ్ బండి పెట్టుకున్న అక్కకు ఆ వరుసలో పేరు లేదు. కంపెనీల చట్టానికి ఒక మిల్లు అంటే ఆస్తులు, అప్పులు. మనకు ఒక మిల్లు అంటే ఊరు. ఊరికి దివాలా చట్టంలో హోదా లేదు.

సర్కారు రాయితీ ఇచ్చిందంటే అది మళ్లీ ప్రజల డబ్బే. 1938లో ఫండ్ రూపంలో ఇచ్చాం, దశాబ్దాల పాటు అడవి రూపంలో ఇచ్చాం, 2018లో రాయితీ రూపంలో ఇచ్చాం. మూడుసార్లు పెట్టుబడి పెట్టినవాళ్లకు ఒక్కసారైనా వాటా అడిగే హక్కు ఉండదా?

ఇది మన మిల్లు ఒక్కదాని కథ కాదు. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో బందయింది. అది కేంద్ర ప్రభుత్వ సంస్థే. బొగ్గుతో యూరియా తీసే పద్ధతి ఎంచుకున్నారు, అది సరిగా నడవలేదు, కరెంటు కోతలు తోడయ్యాయి. రెండు దశాబ్దాల తర్వాత గ్యాస్ ఆధారంగా కొత్త ప్లాంటు కట్టి 2021లో మళ్లీ యూరియా తీశారు. మధ్యలో ఒక తరం నిండా పెరిగి పెద్దదైంది. సర్కారుదైతే నిలబడుతుంది, ప్రైవేటుదైతే పడిపోతుంది అన్న సూత్రం కూడా సరిపోదని రామగుండం చెబుతోంది. నిలబెట్టేది బోర్డు మీది పేరు కాదు. అది పడిపోతే నష్టపోయేవాళ్ల చేతిలో దాని లెక్క ఉందా లేదా అన్నదే.

ప్రాణహిత అవతల

అలా లెక్క చేతిలో ఉన్న చోటు ఎక్కడైనా ఉందా? ఉంది. మన నుంచి ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడ మేండా లేఖా అనే గోండు గ్రామం. వాళ్ల అడవి కంక కూడా ఒకప్పుడు కాగితం మిల్లుకే పోయేది, మనకు బల్లార్షా అని తెలిసిన బల్లార్‌పూర్ మిల్లుకు. ఊరివాళ్లు ఒప్పుకోలేదు. గ్రామసభ పెట్టుకున్నారు, అడవిని తామే కాపాడుకున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చెట్టు అని కాకుండా చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద ఆ ఊరికి సామూహిక హక్కు వచ్చింది. అయినా అటవీ శాఖ రవాణా పర్మిట్ ఇవ్వలేదు. చివరికి 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ ఆ ఊరికే వచ్చి పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టారు. అప్పటి నుంచి కంక అమ్మేది ఊరే. నరికిన కూలి ఊరివాళ్లకే, లాభం గ్రామసభ ఖాతాలోకే.

తేడా గమనించండి. అదే కంక, అదే గోండు జనం, నది ఇవతల ఒక కథ, అవతల ఒక కథ. మిల్లు కట్టడానికి కోట్లు కావాలి. మేండా లేఖాకు కావలసి వచ్చింది ఒక పర్మిట్ పుస్తకం. కాగజ్‌నగర్‌లో పెట్టుబడి పెద్దది, హక్కు సున్నా. మేండా లేఖాలో పెట్టుబడి చిన్నది, హక్కు మొత్తం. విలువ ఎక్కడ నిలబడింది? హక్కు ఉన్న చోట. మిల్లులు వద్దనడానికి ఈ ఉదాహరణ చెప్పడం లేదు. మిల్లుకు కంక అమ్మే చేతిలో పర్మిట్ పుస్తకం ఉంటే, ధర గురించి మాట్లాడే నోరు వస్తుంది, పొదను కాపాడుకునే ఓపిక వస్తుంది. ముడిసరుకు లేక మిల్లు పడిపోయే ప్రమాదం కూడా తగ్గుతుంది. హక్కు వ్యాపారానికి అడ్డం కాదు, వ్యాపారానికి ఆయుష్షు.

ఇప్పుడు మన ఇంటి లెక్క

ఇంతదాకా నిజాంను, బిర్లాలను, సర్కారును అడిగాం. ఇదే కొలబద్ద మన పథకాల మీద కూడా పెట్టాలి. పెట్టకపోతే మన విమర్శకు విలువ లేదు.

2014లో దళితులకు మూడెకరాలు అన్నారు. అదే ఏడాది దళిత పారిశ్రామికవేత్తలకు టీ-ప్రైడ్ తెచ్చారు, పెట్టుబడిలో 35 శాతం రాయితీ అన్నారు. 2017లో ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. 2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో దళితబంధు, కుటుంబానికి 10 లక్షలు. 2023 ఎన్నికల్లో అభయహస్తం పేరుతో 12 లక్షలు అని ఇంకో పార్టీ చెప్పింది. సొమ్ము పెరిగింది, లెక్క మాత్రం పాతదే. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది. ప్రత్యేక నిధి చట్టం కూడా ప్రధానంగా ఖర్చును కొలుస్తుంది, ఖర్చుకాని నిధిని వచ్చే ఏడాదికి తీసుకుపోయే నిబంధన పెట్టింది. అది పోరాడి తెచ్చుకున్నదే, తక్కువ చేయను. కానీ ఖర్చు వేరు, విలువ వేరు. ట్రాక్టర్ ఇంటి ముందు నిలబడ్డ రోజు ఖర్చు పూర్తవుతుంది. విలువ ఆ రోజే మొదలవుతుంది.

ఒక వాడలో పదిమందికి పది ట్రాక్టర్లు ఇచ్చారనుకుందాం. ఆ ఊర్లో దున్నాల్సిన భూమి పెరగదు. కిరాయి పడిపోతుంది. డీజిల్, టైర్లు, ఇన్సూరెన్స్, రిపేరు ఆగవు. ఏడెనిమిదేళ్లకు బండి పాతదవుతుంది. ఆ లోపు ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టకపోతే కొత్త బండి రాదు. దీన్నే లెక్కల పుస్తకంలో తరుగుదల అంటారు. మన తాతలు కాడెద్దుల గురించి ఇదే చెప్పేవాళ్లు: ఎద్దు ముసలిదయ్యేలోపు కోడె ఇంట్లో ఉండాలి. దళితబంధులో రక్షణ నిధి అని ఒక ఏర్పాటు పెట్టారు. లబ్ధిదారు నుంచి 10 వేలు, దానికి సర్కారు వాటా కలిపి, కష్టం వచ్చినప్పుడు వాడుకోవడానికి. ఆలోచన మంచిది. ఆ నిధి ఎవరి చేతిలో ఉంది, ఎవరు లెక్క చూస్తున్నారు, అందులోంచి ఎంతమంది నిలబడ్డారు అని అడిగే సంఘం ప్రతి వాడలో ఉండాలి. లేకపోతే అది కూడా చిన్న కాగజ్‌నగరే.

ట్రాక్టర్ ఒక్కొక్కరికి కాకుండా పదిమంది కలిసి విత్తనాల నుంచి అమ్మకం దాకా ఒక సంఘంగా నిలబడితే, గోదాము, తూకం, బేరం మన చేతికి వస్తాయి. 1947లో అంబేడ్కర్ రాజ్యాంగ సభ కోసం రాసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో సాగు కలిసి చేయాలని, కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలని, అది మామూలు చట్టంలో కాదు, రాజ్యాంగంలోనే రాసి ఉండాలని కోరారు. ఎందుకు రాజ్యాంగంలో? పార్టీ మారితే పథకం మారుతుంది కాబట్టి. నిలబడాల్సిన విలువను మారిపోయే చేతుల్లో పెట్టొద్దని ఆయనకు ముందే తెలుసు.

ఐదు ప్రశ్నలు

రాసుకోండి. మీ మండలంలో ఏ ప్రాజెక్టు అయినా సరే, కాలువ, ఫ్యాక్టరీ, గోదాము, మిల్లు, వాడలో యూనిట్, ఈ ఐదు అడగండి.

ఒకటి. మొదటి రూపాయి ఎవరిది? సర్కారుదైతే అది మనది కూడా.

రెండు. ముడిసరుకు, నీళ్లు, భూమి ఎవరివి? ఇచ్చినవాళ్ల పేరు ఏ కాగితం మీదైనా ఉందా?

మూడు. లోపల ఎవరు ఏ పని చేస్తున్నారు? బరువు ఎవరు మోస్తున్నారు, సంతకం ఎవరు పెడుతున్నారు?

నాలుగు. ఏటా లెక్క చూసే బల్ల దగ్గర మనవాళ్లకు కుర్చీ ఉందా?

ఐదు. ఇది రేపు బందయితే ఎవరికి ఏం మిగులుతుంది? ఈ జవాబు బందయ్యాక కాదు, ప్రారంభోత్సవం రోజే రాసి ఉండాలి.

ఆసిఫాబాద్, కాగజ్‌నగర్, వాంకిడి, కెరమెరి, రెబ్బెన విద్యార్థులకు నా విజ్ఞప్తి. ఈ సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క ప్రాజెక్టు తీసుకోండి. ఆడ దగ్గర పెద్దవాగు మీది కుమ్రం భీం ప్రాజెక్టు కాలువ కింద ఏ ఊరిలో ఎవరి పొలం తడుస్తోంది, ఎవరిది తడవడం లేదు అని నడిచి చూడండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు పది రూపాయలే. గ్రామసభ తీర్మానాల పుస్తకం చూపించమని అడగండి, అది మీ హక్కు. రాసిన కాగితాలు దాచిపెట్టుకోవద్దు, వాడలో కూర్చుని చదివి వినిపించండి.

రాసే కాగితం మన కంకతోనే తయారైంది. దాని మీద మన లెక్క మనమే రాయాలి.

వచ్చే భాగంలో మేదరి, బురుడు కుటుంబాలు, అటవీ శాఖ కంక డిపోల చరిత్ర.

జై భీమ్. జై కుమ్రం భీం.